చెట్లు, మన ఆరోగ్యం: గోదావరి డెల్టావాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలువ గట్ల మీద మొక్కలు నాటే పనిలో ఉంటే ఒకటి ఖాయం: దారినపోయేవాళ్ళు ఆగి అడుగుతారు. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే వాటిని, మేం చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. జబ్బుకు మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం ఇది చదివి మందులు మానొద్దు.

## మొదటి అనుమానాలు

ఎటు చూసినా వరి, కొబ్బరి. మనకు పచ్చదనానికేం తక్కువ? ఇంకా చెట్లెందుకు?

కంటికి పచ్చగా ఉండడం వేరు, ఒంటికి నీడ దొరకడం వేరు. డెల్టాలో మొదటిది బోలెడంత ఉంది. రెండోది ఏటేటా తగ్గుతోంది. వరిచేను నీడ ఇవ్వదు. కొబ్బరి ఇస్తుంది గానీ ఆ నీడ పలచన, పైగా తోట చుట్టూ కంచె ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సు కోసం నిలబడేవాళ్ళకు, పుంతలో నడిచి ఇంటికి వెళ్ళే కూలీలకు అక్కరకొచ్చేవి రోడ్డు పక్కన, కాలువ గట్టున ఉన్న చెట్లే. రోడ్ల వెడల్పు పనుల్లో ముందు పోయేవీ అవే. చేలు రొయ్యల చెరువులైన చోట గట్ల మీది తుమ్మలు, తాళ్ళు కూడా పోయాయి. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో మన ప్రాంతం ఎంత పచ్చగా కనిపించినా, మనిషి నడిచే దారిలో నీడ ఉందా అన్నదే లెక్క.

చెట్లు ఆరోగ్యానికి మంచివని అందరూ అంటారు. రుజువేమైనా ఉందా?

ఉంది. కాకపోతే అన్ని రుజువుల బలం ఒకటి కాదు. చాలామంది చెప్పేది 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన అధ్యయనం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు చూశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అది చిన్న అధ్యయనమే గానీ, తర్వాత ఆసుపత్రులు కట్టే పద్ధతి మీద దాని ప్రభావం బాగా పడింది.

పెద్ద లెక్క ఇంకొకటుంది. అమెరికాలో ఒక రకం పురుగు పట్టి యాష్ జాతి చెట్లు కోట్లలో చచ్చిపోయాయి. పురుగు పాకిన 15 రాష్ట్రాల్లో 1990 నుంచి 2007 దాకా మరణాల లెక్కలు తీస్తే, గుండె జబ్బులతో, ఊపిరితిత్తుల జబ్బులతో పోయినవాళ్ళు సుమారు 21 వేల మంది ఎక్కువగా తేలారు. చెట్లు పోవడమే కారణమని దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేం. కానీ పురుగు చేరిన చోటల్లా, చేరిన తర్వాతే తేడా కనిపించింది కాబట్టి కొట్టిపారేయడానికీ లేదు.

ఆక్సిజన్ ఇస్తాయి కాబట్టే కదా మంచివి?

బడిలో చెప్పింది నిజమే, కానీ మీ ఆరోగ్యానికి కారణం అది కాదు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. చెట్టు కింద నిలబడ్డా, నడిరోడ్డు మీద నిలబడ్డా ఆ శాతంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చెట్టు చేసే మేలు వేరే దారుల్లో వస్తుంది. ఎండ ఆగుతుంది, దుమ్ము కొంత ఆకుల మీదే నిలిచిపోతుంది, నీడ ఉంటే మనిషి నాలుగడుగులు ఎక్కువ నడుస్తాడు, పదిమంది కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ చివరిదాన్ని తక్కువగా చూడొద్దు. ఒంటరితనం కూడా ఆరోగ్యాన్ని పాడుచేస్తుంది. ఊళ్ళో రావిచెట్టు అరుగు ఎన్ని సాయంత్రాలను నిలబెట్టిందో పెద్దవాళ్ళను అడగండి.

రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ వదులుతుందట, చింతచెట్టు కింద పడుకుంటే ప్రాణం మీదకొస్తుందట. ఏది నమ్మాలి?

రెండూ నమ్మక్కర్లేదు. ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండాలి, అది రావికైనా అంతే. రాత్రిపూట అన్ని చెట్లూ మనలాగే ఊపిరి పీల్చి కొంచెం కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. చింతచెట్టు వల్ల ఏ ప్రమాదమూ లేదు. రాత్రి చెట్టు కింద పడుకోవద్దని మేమూ చెబుతాం, అయితే కారణాలు వేరు: పాములు, పురుగులు, విరిగిపడే కొమ్మలు.

చెట్ల మధ్య నడిస్తే టెన్షన్, బీపీ, షుగర్ తగ్గుతాయా?

టెన్షన్ తగ్గుతుందనడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి. జపాన్ అటవీ శాఖ 1982లో 'షిన్‌రిన్ యోకు' అన్న పేరుతో అడవిలో తీరిగ్గా తిరగడాన్ని ఆరోగ్య అలవాటుగా ప్రచారంలోకి తెచ్చింది. తర్వాత అక్కడ జరిగిన పరిశోధనల్లో, అడవిలో గడిపినవాళ్ళకు నాడి వేగం, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోన్ తగ్గినట్టు కనిపించింది. బీపీ కూడా కొంత దిగుతుంది. కానీ ఇవి ఎక్కువగా అప్పటికప్పుడు కనిపించే మార్పులు. షుగర్ విషయానికొస్తే మేలు చేసేది నడక, చెట్టు కాదు. నీడ ఉంటే ఆ నడక మానకుండా సాగుతుంది, అంతే. మాత్రలు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరుగారు తేల్చాలి.

పిల్లలకు ప్రత్యేకంగా ఏమైనా లాభమా?

ముఖ్యంగా కళ్ళకు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట పీరియడ్ పెట్టి చూశారు. మూడేళ్ళలో దూరపుచూపు మందగించడం మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లల్లో కనిపిస్తే, ఈ బడుల్లో 30.4 శాతం పిల్లల్లోనే కనిపించింది. 2015లో ఫలితాలు వచ్చాయి. ఇక్కడ పనిచేసేది పగటి వెలుతురు. చెట్టు నీడలో కూడా గది లోపలికంటే వెలుతురు చాలా ఎక్కువ కాబట్టి, మన ఎండల్లో పిల్లలను బయటకు పంపాలంటే చెట్టున్న బడి ఆవరణ కావాలి.

మనసు సంగతి కూడా ఉంది. డెన్మార్క్‌లో 9 లక్షల మందికి పైగా జనాభా రికార్డులు పరిశీలించి 2019లో ప్రచురించారు. చిన్నతనంలో పచ్చదనం అతి తక్కువగా ఉన్నచోట పెరిగినవాళ్ళకు, పెద్దయ్యాక మానసిక సమస్యలు వచ్చే అవకాశం, జబ్బునుబట్టి, 55 శాతం దాకా ఎక్కువగా తేలింది. ఇంటి ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం పోలేదు.

## నడకకు, విహారానికి వెళ్ళేటప్పుడు

వారానికి ఎంతసేపు చెట్ల మధ్య గడిపితే చాలు?

రెండు గంటలు. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని అడిగి చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వారంలో కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువ. ఒకేసారి గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా లేదు. రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు కాలువ గట్టు మీద నడిచినా లెక్క సరిపోతుంది.

నీడలో ఉన్నా ఉక్కపోత తప్పదుగా? మరి లాభమేంటి?

మంచి ప్రశ్న. ఎండాకాలంలో మన సమస్య ఎండ ఒక్కటే కాదు, సముద్రం నుంచి, కాలువల నుంచి, చేల నుంచి వచ్చే తేమ కూడా. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చెట్టు ఆకుల నుంచి నీరు ఆవిరై చుట్టూ గాలి చల్లబడుతుందని పుస్తకాల్లో రాసింది పొడి ప్రాంతాల్లో బాగా పనిచేస్తుంది, గాలిలో తేమ నిండి ఉన్న డెల్టాలో ఆ చల్లదనం తక్కువ.

మనకు దక్కేది నీడ. ఎండలో నిలబడినప్పుడు ఒంటికి వేడి గాలి నుంచి మాత్రమే రాదు. నేరుగా సూర్యుడి నుంచి, కాలిన తారురోడ్డు నుంచి, సిమెంటు గోడ నుంచి కూడా వస్తుంది. చెట్టు ఈ మూడింటినీ ఆపుతుంది. నీడలో ఉన్న నేల, గోడ, పైకప్పు ఎండలో ఉన్నవాటికంటే 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లగా ఉంటాయి. థర్మామీటరులో గాలి వేడి ఒకటి రెండు డిగ్రీలే తేడా చూపించినా, ఒంటికి తెలిసే తేడా చాలా ఎక్కువ.

ఇంకో సంగతి, గాలి ఆడాలి. గుబురుగా, కింది దాకా కొమ్మలున్న చెట్లను గోడలా నాటితే గాలి ఆగిపోయి ఉక్క పెరుగుతుంది. కాండం మనిషి తలకంటే పైదాకా ఖాళీగా ఉండి, పైన గొడుగులా విప్పారే చెట్టు మనకు సరైనది. పాత కాలువ గట్ల మీద నిద్రగన్నేరు చెట్ల కింద మధ్యాహ్నం పూట లారీ డ్రైవర్లు ఎందుకు ఆగుతారో గమనించండి.

దాళ్వా (రెండో పంట వరి) కోతలు, నూర్పిళ్ళు ఏప్రిల్‌లో పడతాయి కాబట్టి పొలం గట్టున ఒక్క చెట్టయినా ఉండాలి. పనిలో ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి ఊరుకోవద్దు. ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు.

కార్తీక వనభోజనాలు కూడా లెక్కలోకి వస్తాయా?

ఎందుకు రావు? ఉసిరిచెట్టు కింద బంతి భోజనం, పిల్లల ఆటలు, చుట్టాల కబుర్లు, ఎండ మెత్తబడే కాలం. ఉసిరికాయలో విటమిన్ సి పుష్కలం. డీజే బాక్సులు పెట్టి, ప్లాస్టిక్ గ్లాసులు తోటలో పారేసి రావడం మాత్రం వనభోజనం కాదు.

మారేడుమిల్లి వైపు అడవికి వెళ్తున్నాం. ఏం జాగ్రత్తలు?

ఏజెన్సీ అడవుల్లో మలేరియా ఉంది. చీకటి పడ్డాక నిండు చేతుల బట్టలు, దోమల మందు, రాత్రి దోమతెర తప్పనిసరి. గడ్డిలో, పొదల్లో నేల మీద కూర్చుంటే నల్లిలాంటి చాలా చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావొచ్చు. దుప్పటి పరుచుకుని కూర్చోండి, ఇంటికొచ్చి స్నానం చేసి బట్టలు ఉతకండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పాలి. ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే అదీ చూపించండి. ఆ ఒక్క మాటతో సరైన మందు త్వరగా మొదలవుతుంది.

కోరింగ మడ అడవిలో తిరిగినా అదే మేలా?

మేలే. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో చొల్లంగి దగ్గర మడచెట్ల మధ్య చెక్కబాట ఉంది. బురదలో దిగకుండా నడవొచ్చు, పెద్దవాళ్ళూ వెళ్ళొచ్చు. పొద్దున్నే వెళ్తే ఎండా తక్కువ, పక్షులూ ఎక్కువ. ఒక్క హెచ్చరిక: తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఒంటి మీద పడితే బొబ్బలు. పిల్లలను ఆకులు కోయనివ్వొద్దు. కంట్లో పడితే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఉరుములు మెరుపులు వస్తే పొలంలో చెట్టు కిందకు వెళ్ళొచ్చా?

వెళ్ళకూడదు. ఎత్తైన తాడి, కొబ్బరి చెట్ల మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ, కింద ఉన్న మనిషికీ పశువుకీ తగులుతుంది. ఉరుము వినపడగానే పని ఆపి పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో, బస్సులోకో వెళ్ళండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటకు రండి.

## మొక్క నాటేటప్పుడు

మా ఇంటి ముందు, వీధిలో ఏ చెట్టు నాటమంటారు?

మీ నేలను చూసి చెప్పాలి. డెల్టాలో కొద్దిగా తవ్వితే నీరు తగులుతుంది, సముద్రం వైపు ఉప్పు కూడా. నీరు నిలిచే చోట వేప బతకదు, నాటి బాధపడొద్దు. కానుగ తేమనూ, కొంత ఉప్పునూ తట్టుకుంటుంది, నీడ చిక్కగా ఉంటుంది. వీధికి మా మొదటి ఓటు దానికే. బోదెల పక్కన, కాలువ గట్టున నేరేడు, తెల్లమద్ది బాగుంటాయి. సముద్రపు గాలి కొట్టే ఊళ్ళలో పొన్న నిలుస్తుంది. రావి, మర్రి ఇంటి గోడకు దగ్గరగా వద్దు, చెరువు గట్టుకో, గుడి ఆవరణకో వదిలేయండి. తురాయి పూలు చూడముచ్చటే గానీ గాలివానకు త్వరగా విరుగుతుంది. నేరేడు రోడ్డు మీద వేస్తే పళ్ళు రాలే నెలలో బైకులు జారతాయి, కాస్త లోపలికి నాటండి. ఏది నాటినా కరెంటు తీగల కింద మాత్రం నాటొద్దు.

వీధికి ఎన్ని చెట్లు ఉంటే సరిపోతాయి?

పట్టణ అడవుల నిపుణుడు సెసిల్ కొనయినెండైక్ 2021లో 3-30-300 అనే కొలత చెప్పాడు. ప్రతి ఇంటి నుంచి కనీసం 3 పెద్ద చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం చోటు చెట్ల నీడలో ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు లాంటిది ఉండాలి. మీ గుమ్మంలో నిలబడి మొదటి అంకె లెక్కపెట్టి చూడండి. పక్కవాళ్ళ కొబ్బరిచెట్లు కలుపుకుంటే మన ఊళ్ళలో చాలామంది పాసవుతారు. రెండోదాంట్లో ఫెయిలవుతారు.

కడియం నుంచి ఇండోర్ మొక్కలు తెచ్చి గదిలో పెడితే గాలి శుభ్రపడుతుందా?

శుభ్రపడదు. 1989లో నాసా చేసిన ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. మామూలు గదిలో కిటికీ చేసే పని చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని లెక్కల ప్రకారం వెయ్యి దాకా కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. కంటికి హాయిగా ఉంటాయి, నీళ్ళు పోసి పెంచడంలో సంతోషం ఉంది. అందుకోసం తెచ్చుకోండి. గాలి కోసమైతే కిటికీ తీయండి.

చెట్లుంటే దోమలు పెరుగుతాయి కదా?

దోమ గుడ్లు పెట్టేది నీళ్ళలో, ఆకుల మీద కాదు. డెంగీ దోమ కుండీ కింది పళ్ళెంలో, పాత టైరులో, పెరట్లో పడేసిన కొబ్బరి డొక్కలో నిలిచిన కొద్దిపాటి నీటిలోనే పెరుగుతుంది. వారానికోసారి వాటిని బోర్లించండి. చెట్టు కొట్టేస్తే దోమలు తగ్గవు.

ఆయాసం ఉంది. ఏ చెట్లకు దూరంగా ఉండాలి?

సరుగుడు, సర్కారు తుమ్మ పుప్పొడి కొందరికి పడదు. ఏడాకుల పాల పూసే చలికాలపు మొదటి రాత్రుల్లో ఆ ఘాటుకు కొందరికి తలనొప్పి, ఇబ్బంది. చెట్టు కాకపోయినా అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వయ్యారిభామ. పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకేయాలి. రోడ్ల వెంట నాటిన విదేశీ చెట్టు కోనోకార్పస్ పుప్పొడి మీద వాదన ఇంకా నడుస్తోంది. 2023లో గుజరాత్ దాన్ని నాటడాన్ని నిషేధించింది. కొత్తగా నాటొద్దన్నదే మా మాట. అయితే ఉన్నవన్నీ ఒక్కసారే నరికేసి రోడ్డును ఎండకు వదిలేయడం కూడా తెలివైన పని కాదు. పక్కన కానుగలు పెంచి, అవి ఎదిగాక తీయొచ్చు.

వేప అంత మంచిదైతే చంటిపిల్లలకు వేపనూనె పట్టించొచ్చా?

వద్దు. వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, ఫిట్స్, మెదడు వాపు వచ్చిన కేసులు వైద్య రికార్డుల్లో ఉన్నాయి, చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఉగాది పచ్చడిలో వేపపూతకు దీనికి సంబంధం లేదు, అది నిశ్చింతగా తినండి.

## తుఫాను, ఆ తర్వాత

మడ అడవులుంటే తుఫాను మనల్ని ఏమీ చేయదా?

గాలిని ఆపలేవు. ఉప్పెన దెబ్బను మాత్రం మెత్తబరుస్తాయి. ముంచుకొచ్చే నీటి వేగాన్ని, అలల బలాన్ని ఆ వేళ్ళు, కాండాలు విరగ్గొడతాయి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో ఊరూరా లెక్కలు తీశారు. సముద్రానికి, ఊరికి మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊళ్ళో చావులు అంత తక్కువ. అదే అధ్యయనం ఇంకోమాట కూడా చెప్పింది: ముందస్తు హెచ్చరిక అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడింది. కాబట్టి మడ ఉందన్న ధైర్యంతో ఇల్లు కదలకపోవడం తప్పు. 1839 ఉప్పెన కోరింగ రేవును తుడిచిపెట్టేసిన తీరం ఇది. మామూలు రోజుల్లో కూడా మడ మన పళ్ళెంలోకి వస్తుంది, రొయ్య పిల్లలు, పీతలు పెరిగేది ఆ వేళ్ళ మధ్యే.

తుఫానులో తోట పోతే మనిషి కుంగిపోతాడు. ఇదీ ఆరోగ్య సమస్యేనా?

అవును. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమ తోటలు నేలమట్టమయ్యాయి. పొడుగు రకం కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకు ఆరేడేళ్ళు. అన్నాళ్ళు దింపు లేదు, ఆదాయం లేదు, తాతల నాటి చెట్లు కళ్ళెదుట లేవు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం వారాల తరబడి ఉంటే "తోట దిగులు, అదే పోతుంది" అని వదిలేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో ఉంచకండి.

ఇంటి మీద పడుతుందని భయంగా ఉంది. చెట్టు కొట్టించేయమంటారా?

ముందు కొమ్మలు తేలిక చేయించండి, తుఫానుల కాలానికి ముందే, అంటే సెప్టెంబరులోపే. ఎండిన కొమ్మలు, ఇంటి పైకి ఒరిగినవి తీయించాలి. తల మొత్తం నరికితే మళ్ళీ వచ్చే చిగుళ్ళు బలహీనంగా ఉండి ఇంకా తేలిగ్గా విరుగుతాయి. కొబ్బరి మీద ఎండు మట్టలు, ముదిరిన కాయలు దింపించండి, పెనుగాలిలో అవే ముందు ఎగురుతాయి. మొదలు పుచ్చినా, వేళ్ళు లేచినా, కాండం కొత్తగా ఒరిగినా అప్పుడు కొట్టించడమే మంచిది.

పక్కింటి చెట్టు ఆకులు మా దొడ్లో పడుతున్నాయి. కొట్టించొచ్చా? పోనీ ఆకులు తగలబెట్టొచ్చా?

ఆకులు తగలబెట్టొద్దు. ఆ పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల్లోకి నేరుగా వెళ్తుంది, చెట్టు చేసిన మేలు ఒక్క సాయంత్రంలో పోతుంది. మూల గొయ్యి తీసి వేయండి, వానాకాలం దాటేసరికి ఎరువవుతుంది. చెట్టు సంగతి వాళ్ళతో కూర్చుని మాట్లాడుకోండి, మీ వైపు కొమ్మల వరకు తీయిస్తే చాలాసార్లు సరిపోతుంది. మొదలంటా కొట్టాలంటే మాత్రం 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి అడగాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది కాబట్టి, గొడ్డలి పట్టేవాళ్ళను పిలిచే ముందు సచివాలయంలోనో అటవీ శాఖ ఆఫీసులోనో మీ చెట్టు పేరు చెప్పి కనుక్కోండి.